మందు పని మందుది, పాట పని పాటది

నెల్లూరు జిల్లా ఆత్మకూరు, ఉదయగిరి వైపు పల్లెల్లో తెల్లవారుజామున మైకులో ఘంటసాల భగవద్గీత మొదలైందంటే జనం అడిగే మాట ఒకటే: "ఎవురు పోయినారబ్బా?" గుళ్ళో సుప్రభాతం వేరు, ఇది వేరు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే అలవాటు. చావింటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఐసు పెట్టె, వీటన్నిటి మీదుగా ఆ గొంతు. పాపం, ఆ రికార్డు చేసిన మనిషి దాన్ని చావిళ్ళ కోసం చేయలేదు. తనే చావు అంచుదాకా వెళ్ళి వెనక్కి వచ్చాక మొదలుపెట్టిన పని అది.

1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా ఘంటసాల వెంకటేశ్వరరావుకు గుండెనొప్పి వచ్చింది. అప్పటికే చక్కెర వ్యాధి ఉంది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. అక్కడి నుంచి బయటపడ్డాక గీతకు బాణీలు కట్టాలన్న కోరిక పుట్టింది. పాతికేళ్ళకు పైగా ఆయన పాడినవాటిలో ఎక్కువ భాగం ఎవరో ఒకరు అడిగి పాడించుకున్నవే. నిర్మాత ఉంటాడు, దర్శకుడు సన్నివేశం చెబుతాడు, తెర మీద హీరో పెదవులు కదుపుతాడు. గీత దగ్గర వీళ్ళెవరూ లేరు. 700 శ్లోకాల్లోంచి నూరుకు పైగా ఎంచుకుని, రాగాలు కట్టి, తెలుగు తాత్పర్యం కూడా తన గొంతుతోనే చదివారు. ఇవాళ్టి కుర్రాళ్ళు ఇండిపెండెంట్ మ్యూజిక్ అంటున్నారే, దాదాపు ఆ కోవలోకే వస్తుంది. ఇది ముగిశాక సినిమా పాటలు మానేద్దామనుకున్నారట గానీ మానలేదు. 1973లో 'భక్త తుకారాం', 'జీవన తరంగాలు', 'దేవుడు చేసిన మనుషులు' చిత్రాలకు పాడారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. 51 ఏళ్ళు.

ఆ రోజుల్లో గుండె వైద్యం ఎక్కడుందో గుర్తు చేసుకోవాలి. మూసుకున్న రక్తనాళాన్ని బెలూన్‌తో తెరిచే యాంజియోప్లాస్టీని జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ మొదటిసారి చేసింది 1977లో. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో మొదటిదానికి అమెరికాలో అనుమతి దొరికింది 1987లో. ఘంటసాల పోయిన మద్రాసులోనే, పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో, డాక్టర్ కె.ఎం. చెరియన్ దేశంలో తొలి కరొనరీ బైపాస్ శస్త్రచికిత్స చేసింది 1975లో. ఒక్క ఏడాది తేడా. ఆయన ఆయుష్షు పెంచగలిగినవేవైనా ఉంటే అవి ఈ మూడింటి లాంటివే. గీత ఆయన ఆయుష్షు పెంచిందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. మరి పాట ఆయనకేం చేసి ఉంటుంది?

ఈ ప్రశ్నకు మనవాళ్ళ దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. త్యాగరాజస్వామి బిలహరిలో పాడితే చనిపోయినవాడు లేచాడంటారు. శిష్యుడి కడుపునొప్పి పోవడానికి ముత్తుస్వామి దీక్షితులు నవగ్రహ కీర్తనలు కట్టారంటారు. ఇలాంటి కథల్ని భక్తి లెక్కలో ఉంచితే పేచీ లేదు. పేచీ అంతా వాటిని పట్టుకుని బీపీకి ఈ రాగం, షుగరుకు ఆ రాగం, మోకాళ్ళకు ఇంకోటి అని ఫోన్లలో తిరిగే జాబితాలతోనే. రాగాన్ని మాత్రలా చీటీ మీద రాసి పొద్దునొకటి, రాత్రొకటి అని ఇవ్వడానికి కుదరదు. ఎందుకు కుదరదో ప్రయోగాలే చెప్పాయి.

2015లో లాన్సెట్ పత్రికలో లండన్ పరిశోధకులు ఒక పెద్ద లెక్క వేశారు. ఆపరేషన్లకు ముందో, జరుగుతుండగానో, తర్వాతో రోగులకు సంగీతం వినిపించిన 73 ప్రయోగాలను, అంటే దాదాపు 7000 మంది రోగులను ఒకచోట చేర్చి చూశారు. సంగీతం విన్నవాళ్ళలో నొప్పి తగ్గింది, కంగారు తగ్గింది, నొప్పి మాత్రల వాడకం కూడా తగ్గింది. పూర్తి మత్తులో ఉన్నవాళ్ళలో సైతం కొంత ఫలితం కనిపించింది. అయితే ఏ రకం సంగీతం, ఎప్పుడు వినిపించారు అన్నదానివల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రాగాల జాబితా రాసేవాళ్ళు చదవాల్సిన వాక్యం ఇదే. అదే లెక్కలో ఆసుపత్రి నుంచి ఇంటికి చేరే రోజు మాత్రం ముందుకు జరగలేదు.

గుండె జబ్బు దగ్గర కూడా కథ ఇంచుమించు ఇంతే. వైద్య ప్రయోగాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2013 నాటి సమీక్షలో 26 ప్రయోగాలు, 1369 మంది రోగులు ఉన్నారు. సంగీతం విన్నవాళ్ళలో రక్తపోటు, నాడి కొద్దిగా తగ్గాయి. గుండెపోటు వచ్చి పడుకున్నవాళ్ళలో భయం బాగా తగ్గింది, అందులోనూ ఎవరికి నచ్చిన పాట వాళ్ళు ఎంచుకున్నప్పుడు ఇంకాస్త ఎక్కువగా. కచేరీ చెవికి త్యాగరాజు, సినిమా చెవికి ఘంటసాల, ఇంకో చెవికి ఇంకొకరు. శాస్త్రం ఇందులో తలదూర్చదు.

గుండెపోటు తరువాత వచ్చే భయాన్ని, దిగులును చిన్న విషయంగా కొట్టిపారేయడానికి లేదు. 1993లో మాంట్రియల్‌లో నాన్సీ ఫ్రేజర్ స్మిత్ బృందం గుండెపోటు నుంచి బతికిన 222 మందిని ఆరు నెలలు గమనించింది. మానసికంగా కుంగిపోయినవాళ్ళలో మరణాలు మిగతావాళ్ళ కంటే బాగా ఎక్కువ. అయితే కుంగుబాటు తగ్గిస్తే ప్రాణం నిలుస్తుందా? 2003లో వెలువడిన ఎన్‌రిచ్డ్ అనే పెద్ద అమెరికన్ ప్రయోగంలో దాన్నే పరీక్షించారు. కుంగుబాటు తగ్గింది, మరణాలు తగ్గలేదు. నాకు ఈ ఫలితం నిరాశగా అనిపించదు. బతికే రోజులు పెరగకపోయినా ఉన్న రోజులు దిగులు లేకుండా గడవడం రోగికి తక్కువేమీ కాదు. కాకపోతే ఆ రెండు లెక్కల్నీ కలిపేసి చెప్పకూడదు.

ఘంటసాల విన్నది కాదు, కట్టింది. ఆ తేడా మెదడులో ఎక్కడ కనిపిస్తుందో చూద్దాం. 2011లో మాంట్రియల్‌లోనే మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు, పాట వింటే ఒళ్ళు జలదరించే మనుషుల్ని ఎంచి, వాళ్ళ మెదడులో డోపమిన్ అనే రసాయనం కదలికను స్కానులో చూశారు. ఒళ్ళు పులకరించిన క్షణంలో అది విడుదల కావడం ఊహించిందే. అంతకు కొన్ని సెకన్ల ముందు, ఆ ఘట్టం వస్తోందని మనసు కాచుకుని ఉన్నప్పుడు, మెదడులోనే మరోచోట కూడా విడుదలైంది. ముక్తాయింపు వాయిస్తున్న మృదంగం సమం మీద వాలేలోపు సభంతా ఊపిరి బిగబట్టడం మనకు తెలిసిందే. ఆ బిగబట్టడానికి కూడా బహుమానం ఉందన్నమాట. 2019లో బార్సిలోనాలో మరో మెలిక తేలింది. డోపమిన్ పెంచే మందు ఇస్తే అవే పాటలు ఎక్కువ నచ్చాయి, అడ్డుకునే మందు ఇస్తే తక్కువ నచ్చాయి.

పరుపు మీద పడుకున్న గుండె రోగికి ముందు చూసుకోవడానికి ఏముంటుంది? రెండు పూటలా డాక్టరు రౌండు, ఉప్పులేని చారు. ఒక శ్లోకం పూర్తయితే ఇంకో శ్లోకానికి ఏ రాగం అన్న ఆలోచన అలాంటి రోజును రేపటికి కట్టేస్తుంది. వినడంలోనూ ఎదురుచూపు ఉంది గానీ కట్టడంలో అది నెలల తరబడి సాగుతుంది. దీన్ని స్కానులో చూసినవాళ్ళు లేరు. నా ఊహే ఇది. కానీ జబ్బుపడ్డ పాటగాళ్ళలో కొందరు పాత పాటలు నెమరేసుకుంటూ కూర్చోకుండా కొత్తది తలకెత్తుకోవడం చూస్తే ఊహ మరీ గాలిలోది కాదనిపిస్తుంది.

ఇక ఊపిరి సంగతి. గీతలో ఎక్కువ శ్లోకాలు అనుష్టుప్పులో ఉంటాయి. పాదానికి ఎనిమిది అక్షరాల చొప్పున నాలుగు పాదాలు. నిదానంగా పాడేవాళ్ళు సగం శ్లోకానికి ఒక ఊపిరి వాడతారు. చప్పున పీల్చి, సాగదీసి వదలాలి. 2001లో ఇటలీ వైద్యుడు లూసియానో బెర్నార్డి బృందం 23 మందితో ఒకసారి లాటిన్‌లో మేరీమాత జపం, ఇంకోసారి టిబెట్ బౌద్ధ మంత్రం చేయించింది. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి సుమారు ఆరుసార్లకు దిగింది. మన ఒంట్లో రక్తపోటు పది సెకన్లకోసారి సన్నగా ఎగసిపడుతూ ఉంటుంది. ఊపిరి కూడా పది సెకన్లకు ఒకటైతే ఆ రెండూ ఒక తాళంలో పడతాయి. మెడ ధమనిలో, గుండె దగ్గరి పెద్ద ధమనిలో రక్తపోటు కనిపెట్టే నాడీకొసలు ఉంటాయి. పోటు పెరిగితే నాడిని తగ్గించే ఏర్పాటు వాటిది. శ్వాస అలా తాళంలో పడ్డప్పుడు ఆ ఏర్పాటు మరింత చురుగ్గా పనిచేయడం వాళ్ళు కొలిచి చూశారు. గుండె రోగుల్లో మందగించేది సరిగ్గా అదే. అయితే ఆ 23 మందీ ఆరోగ్యవంతులన్నది మరిచిపోకూడదు.

ఆ వ్యాసంలో చరిత్ర గురించి ఒక చిన్న మాట ఉంది. జపమాల ఐరోపాకు క్రూసేడు యోధుల ద్వారా అరబ్బుల నుంచి వచ్చిందనీ, అరబ్బులకు టిబెట్ సన్యాసుల నుంచీ భారతదేశపు యోగుల నుంచీ చేరిందనీ వాళ్ళు రాశారు. చరిత్రకారులు దీన్ని ఎంతవరకు ఒప్పుకుంటారో గానీ, మా వైపు వాళ్ళకు ఇది చదివితే అనుమసముద్రంపేట గుర్తుకు రాక మానదు. బస్సుల మీద ఏఎస్ పేట అని రాసి ఉండే ఆ ఊళ్ళో ఖాజా నాయబ్ రసూల్ దర్గా ఉంది. గంధ మహోత్సవానికి తమిళనాడు, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు, హిందువులు ముస్లింలన్న తేడా లేకుండా. తస్బీ అనే జపమాల తిప్పేవాళ్ళ పక్కనే కొబ్బరికాయ పట్టుకున్నవాళ్ళు కూర్చుంటారు. మనసు చెదిరినవాళ్ళను తీసుకొచ్చి, రోజుల తరబడి దర్గా నీడన ఉంచే కుటుంబాలు ఎప్పుడూ ఉంటాయి.

అలాంటి జబ్బుల్లో పాట సాయం గురించి కాస్త గట్టి ఆధారమే ఉంది. స్కిజోఫ్రెనియా, ఆ తరహా రుగ్మతలున్న 1215 మందితో జరిగిన 18 ప్రయోగాలను 2017లో కాక్రేన్ సమీక్ష పరిశీలించింది. మామూలు వైద్యానికి తోడు సంగీత చికిత్స అందినవాళ్ళ పరిస్థితి, వైద్యం మాత్రమే అందినవాళ్ళ కంటే మెరుగైంది. ముఖ్యంగా ఉలుకూ పలుకూ లేకుండా ముడుచుకుపోవడం, నలుగురిలో కలవలేకపోవడం లాంటి లక్షణాలు తగ్గాయి. ఈ లక్షణాల మీద మందుల పట్టు తక్కువ, కాబట్టి పాటకు అక్కడ చోటు దొరికింది. ఇక్కడ 'తోడు' అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. మందు ఆపేసి పాట మాత్రమే ఇచ్చిన ప్రయోగాలు కావివి.

మందు లేకుండా వదిలేస్తే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దేశమంతా చూసింది. అదీ దర్గా ఊరే. రోగుల్ని గొలుసులతో కట్టి ఉంచిన ఒక పాకకు నిప్పంటుకుని 28 మంది కాలిపోయారు. ఎవరినీ ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది. గుజరాత్‌లో ఉనావా ఊరి మీరా దాతార్ దర్గా దగ్గర మరో దారి పట్టారు. దర్గా సేవకులైన ముజావర్లకు మానసిక రోగ లక్షణాలు గుర్తించడం నేర్పి, ప్రార్థనకు వచ్చినవాళ్ళను పక్కనే ఉన్న డాక్టరు దగ్గరికి వాళ్ళచేతే పంపించారు. 'దవా దువా', అంటే మందూ ప్రార్థనా, అని పేరు పెట్టుకున్నారు. ఏ నమ్మకాన్నీ కించపరచకుండా జరిగిన ఆ పని, దర్గాలున్న ప్రతి జిల్లా వైద్యాధికారీ తెలుసుకోవాల్సింది.

ఘంటసాల దగ్గరికి మళ్ళీ వస్తే, ఆయన పాట మొదలైంది సినిమాల్లోనో విజయనగరం సంగీత కళాశాలలోనో కాదు, నాన్న భుజం మీద. తండ్రి సూరయ్య మృదంగం వాయించేవారు, నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. భజనలకు పిల్లవాణ్ణి భుజాన ఎత్తుకుని తీసుకెళ్ళేవారు, పాటకు వాడు నాట్యమాడేవాడు. పదకొండో ఏట తండ్రి పోయారు. ఆ తరంగాలు కట్టిన నారాయణ తీర్థులు కూడా జబ్బుపడ్డ వాగ్గేయకారుడే కావడం విచిత్రం. పదిహేడో శతాబ్దం మనిషి, మంగళగిరి దగ్గరి కాజవారని చెబుతారు. భరించలేని కడుపునొప్పితో తిరుగుతుంటే, పొద్దున లేవగానే కనిపించిన జంతువు వెంట వెళ్ళమని కలలో వినిపించిందట. అడవిపంది కనిపించింది. దాని వెంట నడిచి తంజావూరు సీమలోని వరహూరు చేరి, అక్కడే శ్రీకృష్ణ లీలా తరంగిణి రచించారని కథ. పన్నెండు తరంగాల కావ్యం, కూచిపూడి వాళ్ళు ఇత్తడి పళ్ళెం అంచు మీద ఆడేది అందులోనిదే.

వైద్యుడు ఈ కథ వింటే నవ్వడు. పొట్టలోని చాలా నొప్పులు వచ్చి పోయేవే. భరించలేనంత పెరిగినప్పుడే మనిషి ఊరు విడిచి పోతాడు, కాబట్టి ఆ తరువాత ఎటు పోయినా నొప్పి తగ్గే అవకాశమే ఎక్కువ. పంది వెంట పోయినా తగ్గేదేమో. కానీ రెండో సంగతి కూడా ఉంది. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ చెప్పిన సిద్ధాంతం ప్రకారం, ఒంట్లో పుట్టిన నొప్పి సంకేతం మెదడుకు చేరే దారిలో, వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉంది. మెదడు కింది దాకా ఆదేశం పంపి ఆ గేటును కొంత మూయగలదు. వేరే పని మీద దృష్టి నిలవడం ఆ ఆదేశాల్లో ఒకటి. రాగం, తాళం, సాహిత్యం మూడూ ఒకేసారి పట్టుకోవాల్సిన వాగ్గేయకారుడికి నొప్పి మీద పెట్టడానికి మిగిలే దృష్టి ఎంతని?

చిన్నప్పుడు చెవిలో పడ్డ పాట మెదడులో ఎంత లోతుగా నాటుకుంటుందో పక్షవాతం చూపించింది. 1745లోనే స్వీడన్‌లో ఊలోఫ్ దాలిన్ ఒక రోగి గురించి రాశాడు. కుడివైపు పడిపోయి మాట పూర్తిగా పోయిన మనిషి, జబ్బుకు ముందు నేర్చుకున్న కీర్తనలను మాత్రం ఆరోగ్యవంతుడి లాగే పదం పదం స్పష్టంగా పాడాడు. మంచినీళ్ళు అడగలేనివాడు పాట పాడుతుంటే ఇంట్లోవాళ్ళకు ఎలా ఉంటుందో ఊహించుకోండి. నటిస్తున్నాడనుకున్నా ఆశ్చర్యం లేదు. మాట్లాడే మాటను పేర్చే కేంద్రం చాలామందిలో మెదడు ఎడమ సగంలో ఉంటుంది. పాటకు రెండు సగాలూ పనిచేస్తాయి. ఎడమవైపు దెబ్బతిన్నా పాటకు కుడివైపు దారి మిగిలే ఉంటుంది.

1973లో అమెరికాలోని బోస్టన్‌లో మార్టిన్ ఆల్బర్ట్, రాబర్ట్ స్పార్క్స్, నాన్సీ హెల్మ్ ఈ దారినే చికిత్సగా మలిచారు. "మంచినీళ్ళు కావాలి" లాంటి చిన్న మాటను రెండు స్వరాల మధ్య సాగదీసి పాడిస్తారు, ఒక్కో అక్షరానికి రోగి ఎడమచేతితో తాళం కొట్టిస్తారు. నెమ్మదిగా పాటను తగ్గిస్తూ మాట వైపు తెస్తారు. ఇందులో పనిచేసేది స్వరమా, తాళమా అన్న తగువు ఇంకా తెగలేదు. 2011లో జర్మనీలో బెంజమిన్ స్టాల్ బృందం 17 మంది రోగులను పరీక్షించి, సాయం చేసేది ఎక్కువగా లయ, కంఠస్థం వచ్చిన మాటలేనని తేల్చింది. అంటే దాలిన్ రోగి చేత పాడించింది స్వరం ఒక్కటే అనుకోనక్కర్లేదు. ఎక్కాలు, వారాల పేర్లు, నోటికొచ్చిన పోతన పద్యం అలా అప్పజెప్పగలిగేవి కూడా ఆ కోవలోవే. ఇంట్లో పెద్దాయనకు మాట పోయినప్పుడు ఆయనతో ఒక పాత పద్యం మొదలుపెట్టించి చూడటంలో నష్టమేమీ లేదు. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళడం మాత్రం మానకూడదు.

సొంతంగా పాటలు రాసి పాడేవాడికే ఈ జబ్బు వస్తే? స్కాట్లాండు గాయకుడు ఎడ్విన్ కాలిన్స్‌కు 2005 ఫిబ్రవరిలో మెదడులో రక్తస్రావం జరిగింది. ఆసుపత్రిలో ఆయన నోట మిగిలినవి నాలుగే: అవును, కాదు, భార్య పేరు గ్రేస్ మాక్స్‌వెల్, "అవకాశాలకు అంతులేదు" అని అర్థమిచ్చే ఒక వాక్యం. అదే వాక్యం మళ్ళీ మళ్ళీ. కుడిచెయ్యి చచ్చుబడింది. కొన్నేళ్ళ సాధన తరువాత 2010లో 'లూజింగ్ స్లీప్' అనే కొత్త ఆల్బమ్ విడుదల చేశాడు. గిటారు మీద ఎడమచేత్తో స్వరస్థానాలు పట్టుకుంటే కుడివైపు తీగలు మీటడానికి ఇంకొకరి చెయ్యి కావాల్సి వచ్చింది. రష్యా స్వరకర్త విసారియోన్ షెబాలిన్ సంగతి ఇంకా వింత. 1953లో ఒకసారి, 1959లో మరోసారి పక్షవాతం. రెండోసారి తరువాత మాట అర్థం కావడమూ కష్టమైంది. అయినా విద్యార్థుల రచనలు సరిదిద్దాడు, 1962లో ఐదో సింఫనీ పూర్తి చేశాడు, మరుసటి ఏడాది పోయాడు. ఆయన్ను పరిశీలించిన మెదడు శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా అదే ఆధారంగా, మెదడులో భాష ఇల్లు వేరు, సంగీతం ఇల్లు వేరని వాదించాడు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు అంత గట్టిగా చెప్పరు. రెండిళ్ళకూ కొన్ని గదులు ఉమ్మడిగా ఉన్నాయంటారు.

పాటగాడు కాకపోయినా ఫలితం ఉంటుందా? హెల్సింకీలో టెప్పో సార్కామో బృందం కొత్తగా పక్షవాతం వచ్చిన 60 మందిని మూడు జట్లు చేసింది. ఒక జట్టు రోజూ తమకిష్టమైన పాటలు రెండు నెలలు విన్నది, రెండోది చదివి వినిపించే పుస్తకాలు విన్నది, మూడోదానికి మామూలు వైద్యమే. 2008లో ఫలితాలు వచ్చాయి. పాటలు విన్నవాళ్ళ మాటల జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మిగతా రెండు జట్ల కన్నా బాగా కోలుకున్నాయి. దిగులూ తక్కువే. పుస్తకాలూ మాటలే, పాటల్లోనూ మాటలే ఉన్నాయి, అయినా తేడా వచ్చింది. ఖర్చు ఒక సెల్‌ఫోను, ఒక ఇయర్‌ఫోను. మన జిల్లా ఆసుపత్రుల్లో వార్డు టీవీలో సీరియల్ మోగుతుంటే నాకు ఈ ప్రయోగమే గుర్తుకొస్తుంది.

నడక సంగతికి వస్తే లయదే పైచేయి. పార్కిన్సన్స్ జబ్బులో అడుగు ఎప్పుడు వేయాలో లోపల చెప్పే మెదడు గడియారం తడబడుతుంది. కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. 1996లో కొలరాడోలో మైఖేల్ థాట్ బృందం రోగుల్ని సంగీతంలో పొదిగిన తాళానికి తగ్గట్టు మూడు వారాలు నడిపిస్తే నడక వేగం, అంగ పొడవు పెరిగాయి. లోపలి గడియారం పనిచేయకపోతే బయటి తాళం దాని పని చేసింది. చెవి నుంచి కదలికల కేంద్రాలకు ఉన్న దారి అంత దగ్గరిది. ఉదయగిరి వైపు పల్లెల్లో చెక్కభజన ఆడేవాళ్ళను చూసినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. అరవై దాటినవాళ్ళు కూడా చెక్క మోగిందంటే గజ్జె కట్టిన కాలు ఆలోచించకుండానే లేపుతారు. ఫిజియోథెరపీలో విసుగుపుట్టి మానేసే ముసలివాళ్ళకు అదే కసరత్తును చెక్కభజనలో పెట్టి చేయిస్తే ఏమవుతుందో ఎవరైనా వైద్య విద్యార్థి కొలిచి చూస్తే బాగుండును.

పాటకున్న హద్దును నెల్లూరు వాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పనవసరం లేదు. ఈ ఊళ్ళో పెరిగిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020 ఆగస్టు 5న కోవిడ్‌తో చెన్నైలో ఆసుపత్రిలో చేరారు. ఆగస్టు 20 సాయంత్రం ఆరు గంటలకు ఎక్కడివాళ్ళక్కడ ఆయన పాటలు మోగించి ప్రార్థించారు. సెప్టెంబరు 25న పోయారు. వేల పాటలు పాడిన ఊపిరితిత్తులు, ఎక్మో యంత్రం, అంతమంది ఆశ, ఇవన్నీ కలిసినా చాలలేదు.

అదే ఏడాది లండన్‌లో ఒక ఒపేరా సంస్థ, కోవిడ్ తగ్గినా ఆయాసం తగ్గనివాళ్ళ కోసం ఇంపీరియల్ కాలేజీ వైద్యులతో కలిసి పాట తరగతులు మొదలుపెట్టింది. ఆ సంస్థ పేరు ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా. ఒపేరా గాత్రాలు నేర్పుతారనుకుంటాం గానీ నేర్పింది జోలపాటలు. జోలపాటకు గొంతు పెద్దగా లేపక్కర్లేదు, వేగం ఉండదు, ఊపిరి నిదానంగా వదలాలి, కంగారు దానంతటదే దిగుతుంది. మన ఇళ్ళలో ఆడవాళ్ళకు వచ్చిన విద్యే. 150 మందిని రెండుగా విడదీసి ఆరు వారాలు పరీక్షించిన ఫలితం 2022లో వచ్చింది. తరగతులకు వెళ్ళినవాళ్ళ మానసిక ఆరోగ్యం మెరుగైంది, ఆయాసం కొన్ని కొలతల్లో కొంత తగ్గింది. శారీరక ఆరోగ్యం లెక్క మాత్రం రెండు జట్లలోనూ ఒకేలా ఉంది.

ఈ తరగతులన్నీ ఇంటర్నెట్‌లోనే జరిగాయి. కారణం 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో దొరికింది. ఒక బృందగాన సాధనకు 61 మంది వచ్చారు. రెండున్నర గంటలు పాడారు. అప్పటికే జలుబు లక్షణాలున్న ఒకరి నుంచి మిగతావాళ్ళలో 52 మందికి కోవిడ్ సోకినట్టు తేలింది, ఇద్దరు చనిపోయారు. గట్టిగా పాడే నోటి నుంచి మామూలు మాటకన్నా ఎక్కువ తుంపరలు గాలిలోకి వస్తాయి, పాడేవాళ్ళు ఊపిరి లోతుగా పీల్చుకుంటారు కూడా. అందుకని క్షయకు మందులు వాడుతున్నవాళ్ళు, కఫంలో సూక్ష్మజీవి పోయిందని డాక్టరు చెప్పేదాకా భజన గుంపులో కూర్చోకూడదు. గొంతు ఆపరేషన్ అయినవాళ్ళు, కొత్తగా గుండెపోటు వచ్చి లేచినవాళ్ళు ఎప్పటి నుంచి, ఎంతసేపు, ఏ స్థాయిలో పాడొచ్చో అడిగి తెలుసుకోవాలి. అంతవరకు హెల్సింకీ రోగుల్లాగా వింటూ ఉండొచ్చు.